నలభై మూడోవాడు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మెకానిక్‌కి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? పదో తరగతి కలిసి చదివినవాళ్ళంతా ముప్పై ఏళ్ళ తర్వాత పాత బడిలో కలుసుకుంటున్నారు. ఇంకా నాలుగు రోజులే ఉంది. అందరికీ కార్డులు వెళ్ళాయి, అతనికి తప్ప.

అసలు ఆ అందరినీ కలిపి ఉంచిందెవరు? తనే కదా! బడిలో బక్కగా ఉండేవాడని అతన్ని 'పీచు' అన్నారు. ఇప్పుడు బొజ్జ వచ్చినా ఆ పేరు వదల్లేదు. మిషన్ బాగుచెయ్యడానికి ఏ వీధికి వెళ్ళినా, అక్కడ తన క్లాసువాళ్ళెవరైనా ఉన్నారేమోనని వాకబు చేసేవాడు. దొరికితే నంబరూ అడ్రసూ రాసుకునేవాడు. సూదులూ బాబిన్లూ పెట్టుకునే సంచిలోనే ఆ నోట్‌బుక్కూ ఉండేది. నూనె మరక పడని పేజీ లేదు. ఎవరు ఇల్లు మారినా, ఎవరు ఆస్పత్రిలో చేరినా కబురు ముందు అతనికి తెలిసేది. పని మధ్యలో చేతులు తుడుచుకుని మరీ మిగతావాళ్ళకి ఫోన్ చేసేవాడు. అలా మొత్తం నలభై రెండు మంది.

రెండు నెలల కిందట క్లాస్ లీడర్ వచ్చాడు. ఇన్నేళ్ళయినా అతనింకా లీడరే. "పీచూ, ఆ పుస్తకం ఇలా ఇవ్వరా, కార్డులు పంపాలి" అని పేజీ పేజీకీ ఫొటో తీసుకుని వెళ్ళాడు. మెకానిక్ పొంగిపోయాడు. ఆ వారమే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

నిన్న టైలరింగ్ షాపు నడిపే క్లాస్‌మేట్ తన కార్డు చూపించింది. వెనకవైపు అందరి పేర్లూ అచ్చేశారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. అతని పేరు లేదు. ఆవిడకి ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చేశాడు.

సంగతి విని భార్య ఒకటే అడిగింది. "మీ పుస్తకంలో మీ నంబరు రాసుకున్నారా?"

"ఎవరి నంబరు వాళ్ళే రాసుకుంటారా ఎక్కడైనా?" అన్నాడు. అప్పుడు వెలిగింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేశారు. ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం రెండింతలైంది. టైపు కొట్టినవాడికి తెలియదు, సరే. నలభై రెండు మందీ ఆ పేర్లు చదువుకున్నారే! 'మన పీచు ఏడిరా?' అని ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, తోచలేదా?

"పోనీ మీరే ఫోన్ చేసి అడగండి."

"నన్నూ రానివ్వండని దేబిరించనా? చచ్చినా చెయ్యను."

ఇంతలో ఫోన్ మోగింది. లీడరే.

"ఒరేయ్ పీచూ, మూడు కార్డులు వెనక్కొచ్చాయిరా. కొత్త అడ్రసులు నీ దగ్గరుంటాయిగా, తొందరగా చెప్పు."

"నాది పంపావా?"

"నీకు రాలేదా? అయ్యయ్యో! పుస్తకంలో నీ నంబరు లేదు కదరా, అందుకే తప్పిపోయుంటుంది. ఏమనుకోకు."

"మరి ఇప్పుడు ఏ నంబరుకి చేశావురా?"

ఫోన్ పెట్టేద్దామనుకున్నాడు మెకానిక్. కానీ ఆ ముగ్గురూ ఏం పాపం చేశారు? సంచిలోంచి పుస్తకం తీసి, మూడు అడ్రసులూ నిదానంగా, ఇంటి నంబర్లు రెండేసి సార్లు చెప్పాడు.

"రాసుకున్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే ఫోన్ పెట్టేశాడు.