సేటు ఇంటి వెనక గుమ్మం

నర్సింగం ఏ ఊరికి వెళ్తున్నాడో ఇంట్లో చెప్పేవాడు కాదు, వెళ్లని ఊరి పేరు చెప్పేవాడు. కౌడిపల్లికి బయలుదేరితే భార్య బాలలక్ష్మితో పాపన్నపేట అనేవాడు. నర్సాపూర్ అడవిలో దళంతో తిరిగిన రోజుల అలవాటు అది. పోలీసులు ఇంటికొచ్చి కొడితే ఆమె తనకు తెలిసిందే చెప్పేది, వాళ్లు తప్పుడు ఊరికి పోయేవారు. అలా రెండేళ్లు దొరక్కుండా బతికాడు. తెలంగాణ సాయుధ పోరాటం ఆగింది, ఆ తర్వాత జైలూ ముగిసింది, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. అలవాటు మాత్రం పోలేదు.

మెదక్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు సంఘం పెట్టింది అతనే. 1965లో వాళ్లు సమ్మెకు దిగారు. బాగాలేవని కార్ఖానాలో లెక్క చూసుకునే మునీం పక్కకు తీసిన బీడీలకు కూలి ఉండేది కాదు. కార్ఖానా యజమాని సేటు వాటినే కట్టలు కట్టి అమ్ముకునేవాడు. తీసేసిన బీడీలను తమ కళ్లముందే తుంచాలని వాళ్లు పట్టుబట్టారు. మూడో వారానికి చాలా ఇళ్లలో ఒక్కపూటే పొయ్యి వెలుగుతోంది. పైగా నిరుడే కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. నర్సింగం సేటుకు అమ్ముడుపోయాడని అవతలి వర్గం వాళ్లు వాడవాడా చెబుతున్నారు.

ఒక మధ్యాహ్నం సేటు మాట్లాడదాం రమ్మన్నాడు. తెలిస్తే అవతలివాళ్లు చెడగొడతారని నర్సింగం ఎవరికీ చెప్పలేదు. బాలలక్ష్మితో పాపన్నపేట అని, వెనక సందులోంచి సేటు ఇంటికి పోయాడు. గంటసేపు వాదించి ఒప్పించాడు. వెనక గుమ్మం దాటి వస్తుంటే చర్చి వాడ దానమ్మ ఎదురైంది. సమ్మెలో అందరికంటే ముందు నిలబడ్డ మనిషి. పలకరించకుండా తప్పుకుని, తిన్నగా బాలలక్ష్మి దగ్గరికి పోయింది.

మరునాడు సంఘం గదిలో దానమ్మే లేచింది.

"నర్సన్నా, సేటు పాపన్నపేటల ఇల్లు ఎప్పుడు గట్టిండు?"

ఆడవాళ్లు నవ్వారు. నర్సింగం నవ్వలేదు.

"సోమారం నుంచి బీడీలు మీ ముంగటనే తుంచుతరు. ఒప్పిచ్చి వచ్చిన."

"మస్తు మంచిపని. జర మా ఆడోళ్లల ఇద్దర్ని తోల్కపోతే ఏం పోయేది?"

"మాట బయటవడితే చెడుతదని..."

"మేమేమన్న పోలీసోళ్లమా?" దానమ్మ గొంతు పెరిగింది. "గప్పుడు వదినకు అబద్ధం చెప్పినవ్, దెబ్బలు ఆమె తిన్నది. ఇప్పుడు మాకు గూడ గట్లనే జేస్తున్నవ్. గంటసేపు లోపట ఇంకేం మాట్లాడినవో మాకేం ఎరుక?"

జరిగిందంతా చెప్పాడు. చెప్పినకొద్దీ వాళ్ల ముఖాలు ఇంకా బిగుసుకున్నాయి. వెనక కూర్చున్న బాలలక్ష్మి వైపు చూశాడు. ఆమె కిందికి చూస్తూ ఉండిపోయింది.

సోమవారం మునీం అన్నట్టే తుంచాడు. ఆడవాళ్లు పనిలోకి వెళ్లారు. నెల తిరక్కుండా సంఘం ఎన్నికలు వచ్చాయి. కార్యదర్శి పదవికి నర్సింగం మళ్లీ నిలబడితే పదిహేడు చేతులు లేచాయి. దానమ్మకు నూట నలభై పైచిలుకు.

1974లో నర్సింగం పోయేనాటికి మెదక్‌లో ఏ కార్ఖానాలో చూసినా, తీసేసిన బీడీలు చుట్టినామె ముందే తుంచుతున్నారు. కొత్తగా పనికి చేరిన ఆడపిల్లలు అది సేట్లు పెట్టిన పద్ధతే అనుకునేవారు.