నిండని గుంత

మా నాయన గొప్పగా చెప్పుకున్నవి రెండే. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసినన్నాళ్ళూ ఒక్కరోజు కూడా ఆలస్యంగా పోలేదని ఒకటి. మా ఇంటి సెప్టిక్ ట్యాంకు కట్టినప్పటి నుంచీ నిండలేదని రెండోది. మిల్లు మూతపడ్డాక మొదటి సంగతి చెప్పడం తగ్గించాడు. రెండోది మాత్రం ఇంటికి ఎవరొచ్చినా, వాళ్ళు ఉప్మా తింటున్నా సరే, చెప్పకుండా పంపేవాడు కాదు. నా పెళ్ళిచూపుల్లోనూ చెప్పాడు. ఆ సంబంధం కుదరలేదు. దానికి కారణం అది కాదని అమ్మ బతికున్నన్నాళ్ళూ అనేది కానీ, నాకిప్పటికీ అనుమానమే.

మా వీధి కొండవాలున ఉంది. జానెడు మట్టి తీస్తే బండ తగులుతుంది. అలాంటిచోట వీధిలో అందరి సెప్టిక్ గుంతలూ రెండేళ్ళకో మూడేళ్ళకో నిండేవి. ట్యాంకరు వచ్చి మోటారు పెట్టి లాగేది, వీధంతా ముక్కు మూసుకునేది. ఆ సరుకును ఊరవతల వంకలో వదిలేవాళ్ళు. అక్కడి నుంచి అది చెరువులోకి పోతుందని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ట్యాంకరు వచ్చినరోజు నాయన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ కంపులో ఆయన మొహం వెలిగిపోతుంటే నాకు ఒళ్ళు మండేది.

మా వెనక గోడకు ఆనుకుని, మాకంటే పల్లంలో ఖాలా వాళ్ళ ఇల్లు. ఉర్దూలో ఖాలా అంటే పిన్నమ్మ. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచీ ఆ పిలుపు. వాళ్ళ పెరట్లో ఒక బావి ఉంది. ఖాలా మామగారు గునపాలతో, సమ్మెటలతో బండ పగలగొట్టి తవ్వించిన బావి. మా వైపు ఏ బోరు వేసినా ఉప్పునీళ్ళే, పప్పు ఉడకదు. ఆ బావి నీళ్ళలో పప్పు మెత్తగా ఉడికేది. నా చిన్నప్పుడు వీధి మొత్తం బిందెలు పట్టుకుని ఆ పెరట్లోనే ఉండేది. కడుపులో బాగాలేని పిల్లలకు కూడా ఆ నీళ్ళే తెచ్చి తాగించేవాళ్ళు.

తర్వాత క్యాను నీళ్ళు వచ్చాయి. తోడే బాధ లేదు, మోసే బాధ లేదు. ఒక్కో ఇల్లూ బావిని మానేసింది, మేమూ మానేశాం. ఖాలా మాత్రం మానలేదు. "క్యాను నీళ్ళు సచ్చిన నీళ్ళు బేటీ, తాగితే దప్పి తీరదు" అనేది. భర్త పోయాడు. కొడుకు ఆలూరుకు ఆటో తోలుతాడు, ఇంటి పెత్తనం కోడలిది. ఆ ఇంట్లో ఖాలా మాట చెల్లేది ఒక్క బావి దగ్గరే. గిలకకు నూనె పెట్టడం, గట్టు కడగడం, రంజాను నెలలో వీధి గుమ్మం దగ్గర కుండ నింపి పెట్టడం, అన్నీ ఆమెవే.

ఇలా ఉండగా మా వీధికి భూగర్భ డ్రైనేజి పైపు వచ్చింది. చెరువు పూర్తిగా పాడైపోతోందనీ, ఇక గుంతలు వద్దనీ, ప్రతి ఇల్లూ పైపుకు కలుపుకోవాలనీ మైకులో చెప్పుకుంటూ పోయారు. నాయనకు కోపం వచ్చింది.

"నిండేవాళ్ళు కలుపుకుంటారు. మనకేం కర్మ?" అన్నాడు.

నేను వినలేదు. ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు టీచర్ని, రోజూ బస్సులో పోయి వస్తాను. ఇంటి విషయాల్లో నా మాట నెగ్గడం అరుదు, ఆ ఒక్కసారి నెగ్గింది.

పైపు కలిపే రోజు పనివాళ్ళు గుంత మీది నాపబండలు పక్కకు జరిపారు. ఉన్నదంతా తోడేసి, తర్వాత మట్టితో పూడ్చాలి. వాళ్ళలో పెద్దాయన టార్చి వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏముండాదమ్మా దీంట్లో తోడేకి? గుంత ఖాళీ. దీనికి అడుగే కట్టలేదు. బండ నెర్రె మీద గోడలు లేపినారు, అంతే."

నాయన పొంగిపోయాడు. "నేను సెప్తే నవ్వినారు గదా అందరూ! ఇన్నేండ్లకు సూడండప్పా ఎట్లుండాదో!"

ఇల్లు కట్టేటప్పుడు గుంత తవ్వుతుంటే బండలో పెద్ద పగులు కనబడిందట. దీన్ని మూయొద్దు, జన్మలో తోడించే పని ఉండదు అని మేస్త్రీ చెప్పాడట. ఆ సంతోషంలో నాయన అతనికి కొత్త పంచె పెట్టాడట. ఇదంతా పనివాళ్ళకు చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే గోడ అవతల గిలక కిర్రుమంది. ఖాలా నీళ్ళు తోడుతోంది. కాన్పుకు వచ్చిన ఆమె కూతురు ఏదో అని నవ్వుతోంది. నేను గోడ వైపు తిరిగాను.

పనివాళ్ళు కనెక్షన్ ఇచ్చి, పూడ్చడానికి మట్టి తెస్తామని వెళ్ళిపోయాక నాయనను అడిగాను.

"మన గుంత నిండలేదంటే అదంతా యాడికి పోయినట్ల నాయనా?"

"భూమిలేకి."

"భూమిలో యాడికి?"

"భూమికి హద్దుంటాదా? యాడికన్నా పోతాది."

గోడ వైపు చూపించాను. ఆయన అటు చూడలేదు. "బండలోంచి నీళ్ళు పోతాయా ఎక్కడన్నా? నువ్వు ఆయమ్మతో ఏమీ అనొద్దు. లేనిపోని మాట పుట్టించొద్దు" అన్నాడు. నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. గుంతకూ బావికీ మధ్య బాణం గుర్తు ఉన్న బొమ్మను ఏటా నల్లబల్ల మీద గీస్తాను. ఆ బొమ్మలో ఉన్నది మా ఇల్లేనని నాకు ఒక్క ఏడు కూడా తట్టలేదు. అందులో సగం కోపం నా మీదే.

"రంగు పోసి చూద్దాం. బావిలో రంగు రాకపోతే నేను నోరెత్తను" అన్నాను. నాయన ధీమాగా ఒప్పుకున్నాడు.

ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్ళు చాలా ఉన్నాయి. నూలుకు అద్దకం వేసే ఒకాయన దగ్గర నీలం రంగు పొడి అడిగాను. "ఏ సీరకమ్మా?" అన్నాడు. నోటికొచ్చిన చీర పేరు ఏదో చెప్పాను. ఇంటికి రాగానే రెండు క్యాన్లు ఖాలా వాళ్ళింటికి పంపాను. మా తవ్వకాల దుమ్ము బావిలో పడుతోంది, నాలుగు రోజులు ఇవే తాగండి, వంటకూ ఇవే వాడండి, కావలిస్తే ఇంకా పంపుతానని అబద్ధం చెప్పాను. ఆమె మొహం చిట్లించుకుని తీసుకుంది. పైన డ్రమ్ములో రంగు కలిపి, పైపు పెట్టి గుంతలోకి వదిలాను. అంతా ఇంకిపోయేదాకా నాయన కుర్చీలో కూర్చుని చూశాడు.

ఆ నాలుగు రోజులు గడవకముందే, ఆదివారం పొద్దున, గోడ మీదుగా ఖాలా పిలిచింది.

"బేటీ, ఒకసారి ఈడికి రా."

పుట్టబోయే బిడ్డ కోసం పాత తెల్లబట్టలు చించి పొత్తిగుడ్డలు చేసింది. వాటిని బావినీళ్ళలో ఉతికి దండెం మీద ఆరేసింది. అన్నీ లేత నీలంగా ఉన్నాయి.

"నీలిమందు ఎక్కువేసినావని దీన్ని తిట్టినా. ఇది ఏయనే లేదంటాది. తోడి సూస్తే నీళ్ళే ఇట్లుండాయి" అంది కూతుర్ని చూపిస్తూ.

గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె దండెం మీది గుడ్డలు ఒక్కొక్కటీ తీసి ఒళ్ళో వేసుకుంది.

"వీధిలో ఎంతమంది పిల్లోల్లకు తాపిచ్చినా బేటీ ఈ చేతుల్తో" అంది. గుడ్డలు మడుస్తూ అడిగింది. "ఇప్పుడు పైపుకు కలుపుకున్నారు గదా. ఎప్పటికి మంచిగైతాయి ఈ నీళ్ళు?"

"తెలీదు ఖాలా" అన్నాను. నిజంగానే తెలీదు. చాలా ఏళ్ళు పట్టవచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు. అది పైకి అనలేకపోయాను.

ఆ రోజు నుంచి వాళ్ళింటికీ క్యాన్లు రావడం మొదలైంది. ఆమె కొడుకు బస్టాండు దగ్గర నన్ను చూసి కూడా ఆటో ఆపకుండా పోతాడు. అతన్ని తప్పుపట్టను.

నాయనకు చెబితే నమ్మలేదు. "వాళ్ళు నీలిమందు ఏసుకుంటే నాదా తప్పు?" అన్నాడు. ఆ సాయంత్రమే ఇత్తడి చెంబు పట్టుకుని ఖాలా వాళ్ళింటికి బయల్దేరాడు. ఆపబోతే చెయ్యి విదిలించుకున్నాడు. "ఆ నీళ్ళు నేను తాగుతా. అందరూ సూడండి నాకేమైతాదో" అన్నాడు. ఆ తర్వాత ఏ రోజూ తప్పలేదు. మిల్లుకు పోయినట్టే వేళకు పోయేవాడు. నేను భయంతో చచ్చేదాన్ని. డెబ్బై దాటిన మనిషి, ఒక్కసారి విరేచనాలు పట్టుకుంటే లేవడు. వారం గడిచింది, నెల గడిచింది. ఆయనకు ఏమీ కాలేదు. "సూస్తివా? నీ సదువంతా ఇంతే" అని నన్ను ఎగతాళి చేసేవాడు. ఒక దశలో నాకే అనుమానం వచ్చింది, తప్పు లెక్క వేశానేమోనని.

ఒకరోజు బస్సు తొందరగా దొరికింది. ఖాలా కూతురికి కాన్పయింది, బిడ్డను చూద్దామని వాళ్ళింట్లోకి వెళ్ళి వంటగదిలో నిలబడ్డాను. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. నాయన చెంబుతో బావి దగ్గర ఉన్నాడు. ఆయన చూస్తుండగానే ఖాలా చేద వేసి నీళ్ళు తోడింది. "వడగట్టుకొస్తా ఉండన్నా" అని చెంబు తీసుకుని వంటగదిలోకి వచ్చింది. నన్ను చూసి ఆగింది. తర్వాత ఆ నీళ్ళు తూములో పారబోసి, చెంబు కడిగి, క్యాను వంచి నింపింది.

ఆమె గొంతు తగ్గించి అంది. "ఆయప్పకు ఏమన్నా అయితే నువ్వొక్కదానివే గదా బేటీ. ఏం సేస్తావు?"

సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె బయటికి వెళ్ళి చెంబు అందించింది. నాయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, సగం చెంబు ఇంకా చేతిలో ఉండగానే అన్నాడు.

"ఇట్లాంటి నీళ్ళు తాగేకి పెట్టిపుట్టాల సెల్లెమ్మా."

"అవునన్నా" అంది ఖాలా.