టోపీ తియ్యని గిటార్ అంకుల్

మంగళవారం పొద్దున కాన్‌బెర్రాలో, గంగాలిన్ స్టాపులో ట్రామ్ ఎక్కి కూర్చున్నాక ఫోన్ తీశాను. అంకుల్ వాళ్ళమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్. డాడ్ ఈ ఉదయం పోయారు, నీకు ముందు చెప్పమని మమ్ అంది అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. చుట్టూ అందరూ చెవుల్లో ఏవో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు. అంకుల్ పోయారు అని చెప్పుకోవడానికి ఆ ట్రామ్‌లోనే కాదు, ఈ ఊళ్ళోనే నాకు ఎవరూ తట్టలేదు. ఆఫీసుకి వెళ్ళి మీటింగులో కూర్చున్నాను.

అంత్యక్రియలైన మర్నాడు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పుణ్యాత్ములు సంతాపం పెట్టారు. "ప్రముఖ భారతీయ సంగీత కళాకారుడు ఇక లేరు." పైన ఫొటో: పట్టు కుర్తా, తలపాగా, ఒళ్ళో గిటారు. కింద దండాల బొమ్మలు బారులు తీరాయి. నాకు ఒళ్ళు మండింది. ఆయన జన్మలో భారతీయ సంగీతం వాయించలేదు. ఇండియా గడ్డ మీద కాలు పెట్టలేదు. ఆ కుర్తా ఒకే ఒక్క రోజు వేసుకున్నారు. దాన్ని ఇస్త్రీ చేసింది నేనే. గ్రూపులో ఇదంతా రాస్తే పోట్లాట అవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

నేను ఈ దేశం వచ్చింది వైటూకే పుణ్యమా అని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష ఒక ముక్క వచ్చిన ప్రతివాళ్ళకీ విమానం టికెట్టు దొరికింది, బొబ్బిలి పిల్లని నాకూ దొరికింది. కాన్‌బెర్రాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు. పక్కనే ఉన్న క్వీన్‌బియన్‌లో, పప్పులూ మసాలాలూ అమ్మే కొట్టు అద్దానికి అంటించిన కాగితం చూసి గది కోసం ఒక ఇంటికి వెళ్ళాను. తలుపు తీసినాయన నెత్తిన కౌబాయ్ టోపీ, కాళ్ళకి మడమెత్తు బూట్లు, నడుముకి అరచెయ్యంత బకిలు. ఇల్లు తప్పాననుకుని సారీ చెప్పబోయాను.

"ఏటమ్మీ, మనోళ్ళ పిల్లవేనేటి?" అన్నారు ఆయన.

అచ్చం మా నాయనమ్మ మాట. వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదేమో, గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాను. ఆంటీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఏమన్నావు పిల్లని అని ఆయన మీద పడింది. ఆయన టోపీ సర్దుకుని, "నానేటీ అన్లేదు. ముందు అన్నం ఎట్టు. తిన్నాక ఏడుత్తాది, బాధ ఎక్కడికీ ఎల్దు" అన్నారు. తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా కష్టాలన్నిటికీ ఆయన దగ్గర అదే మందు. చేపల పులుసు, ఉడకబెట్టిన కర్రపెండలం, ఆ తర్వాతే ఏడుపు.

ఆయన తాతని చెరుకు తోటల్లో పనికి ఓడెక్కించి ఫిజీకి తీసుకుపోయారట. ఆ తాత పట్టుకెళ్ళిన తెలుగు చెక్కుచెదరకుండా మనవడి దాకా వచ్చింది. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి, మనవాళ్ళకి నిలవనీడ లేకుండా పోయినప్పుడు, అంకుల్ భార్యనీ కూతుర్నీ తీసుకుని ఇక్కడికొచ్చేశారు. వారమంతా బస్సు డిపోలో మెకానిక్ పని. శని, ఆదివారాలు మాత్రం ఆయన్ని పట్టలేం. కంట్రీ బ్యాండ్‌లో స్టీల్ గిటార్ వాయించేవారు. ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమచేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే గిటారు అది. చెరుకు మిల్లు పక్క రేడియోలో చిన్నప్పుడు విని నేర్చుకున్నారట. ఇక్కడి పల్లె పాటలంటే వాన పడని ఏళ్ళు, గొర్రెలు, లారీలు, వదిలేసి వెళ్ళిపోయిన పెళ్ళాలు. ఆ కడ్డీ జారినప్పుడల్లా ఆ బాధలన్నీ నావే అనిపించేవి, నాకు గొర్రెలూ లేవు, మొగుడూ లేడు.

ఆదివారాలు నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళేవారు. గౌల్‌బర్న్ వైపు, కూమా వైపు, చిన్న చిన్న ఊళ్ళ క్లబ్బులు. నేను ఒక మూల నిమ్మకాయ సోడా పెట్టుకుని కూర్చునేదాన్ని. బ్యాండ్‌లో పాడేవాడు ఒక లారీ డ్రైవరు, మనిషి పొడగరి, గొంతు గరుకు. అంకుల్ వెనక వరసలో, టోపీ కిందికి లాక్కుని కూర్చుని, అతను పాడే చరణం అయ్యేదాకా ఆగి అప్పుడు కడ్డీ జార్చేవారు. జనం ఆయన్ని ఇటాలియన్ అనుకునేవారట. "ఎవుళ్ళూ అడగలేదు, నానూ సెప్పలేదు" అనేవారు. టోపీని మాత్రం పాత పళ్ళబ్రష్షుతో ప్రతి శుక్రవారం శుభ్రం చేసుకునేవారు. ఆంటీ ఆ బ్రష్షు చూసి విసుక్కునేది.

ఆ రోజుల్లోనే ఇక్కడ, ఆసియావాళ్ళు వచ్చి దేశాన్ని ముంచేస్తున్నారని ఒక కొత్త పార్టీ బయల్దేరింది. పల్లెల్లో దానికి గాలి బాగా వీచింది. వాళ్ళ సభలో పాడమని మన బ్యాండ్‌ని పిలిచారు. పాడేవాడు, మేం రాం అన్నాడు. అంతటితో ఊరుకుంటే పోయేది. ఆ వారం ఒక క్లబ్బులో, పాటకీ పాటకీ మధ్య మైకు పట్టుకుని, "మా గిటార్ ఆయన ఫిజీ నుంచి వచ్చాడు, ఇండియన్. ఆయన వెళ్ళిపోవాలనుకునేవాళ్ళు మమ్మల్ని కూడా పిలవకండి" అన్నాడు. నేను మూలనే ఉన్నాను. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు గ్లాసులు బల్లల మీద పెట్టి, కుర్చీలు వెనక్కి జరుపుకుని, నెమ్మదిగా బయటికి నడిచారు. అంకుల్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నారు.

కారులో వస్తూ, "ఆణ్ణెవుడు సెప్పమన్నాడు?" అని కాసేపు, "సెప్పీసినాడు సూడు" అని కాసేపు. కోపమో సంతోషమో ఆయనకే తెలియలేదు.

పిలవకండి అన్నాడు కదా, నిజంగానే పిలవడం మానేశారు. ఒక్కొక్క క్లబ్బే ఫోన్ చేసి, ఈసారికి వద్దులే అంది. రేడియోలో అప్పుడప్పుడూ వచ్చే బ్యాండ్ పాట కూడా ఆగిపోయింది. పోస్టర్లలో అంకుల్ మొహం దగ్గర సిగరెట్టుతో కాల్చిన చిల్లులు కనిపించాయి. సంగతి పేపర్లకి ఎక్కాక సిడ్నీ నుంచి ఒక మేనేజరు దిగాడు. పట్నంలో మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు, కానీ ఆ పల్లెటూరి వేషాలు తీసెయ్యాలి అన్నాడు. టోపీలు పోయాయి, నల్ల చొక్కాలు వచ్చాయి, బ్యాండ్ పేరు మారింది. అంకుల్‌కి మాత్రం నల్ల చొక్కా కాదు. వెనక వరసలోంచి తీసుకొచ్చి, ముందు తివాచీ మీద, కుర్తా తలపాగాలతో కూర్చోమన్నారు.

"నాకు కుర్తా ఎక్కడ్ది అమ్మీ?" అన్నారు నాతో, నిజంగా అర్థంకానట్టు. కుర్తా మేనేజరే పంపాడు. నేను ఇస్త్రీ చేశాను. సిడ్నీలో పెద్ద ప్రదర్శన. ఆయన మామూలుగా వాయించిందే వాయించారు, జనం లేచి నిలబడి చప్పట్లు. ఆ ఫొటో అప్పటిదే. ఒకావిడ వచ్చి చేతులు జోడించి, మీ ప్రాచీన సంగీతం నా కళ్ళు తెరిపించింది అందట. ఇంటికొచ్చి ఆయన చాలాసేపు కారులోంచి దిగలేదు.

తర్వాతి ప్రదర్శనకి టోపీ పెట్టుకు వెళ్ళారు. స్టేజి ఎక్కనివ్వలేదు.

ఆ వారమే పాడే ఆయన ఇంటికొచ్చాడు. వంటింటి బల్ల దగ్గర అతనూ, అంకులూ, ఆంటీ కూర్చున్నారు, నేను కూరలు తరుగుతున్నాను. ఎవరూ గొంతు పెంచలేదు. వాళ్ళు ఇంగ్లీషులో అనుకున్నది ఇది.

"నీకోసం నేను ఊళ్ళన్నీ పోగొట్టుకున్నాను మేట్. నాకు మిగిలింది ఈ పట్నంవాళ్ళే. నాకోసం ఒక్క చొక్కా మార్చుకోలేవా?"

అంకుల్ టీ గ్లాసు పక్కకి జరిపారు. "మా నాన్న ఎండలో టోపీ పెట్టుకునే చెరుకు కొట్టాడు. ఆయన నెత్తిన తలపాగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ రోజు మైకులో నువ్వు ఎవరికోసం నిలబడ్డావు, నాకోసమేనా?"

ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అతను టీ పూర్తిగా తాగి, ఆంటీకి థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఆ ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. అంకుల్‌కి లోకంలో కావలసింది ఆ బ్యాండ్‌లో ఆ వెనక కుర్చీ ఒక్కటే. అది అలా పోయింది.

రెండువేలు వచ్చింది, కంప్యూటర్లు ఏమీ మర్చిపోలేదు, నా కాంట్రాక్టు అయిపోయింది. ఐటీ ఊపు మీదుంది కాబట్టి మెల్‌బోర్న్‌లో ఇంకో ఉద్యోగం, చాలా ఏళ్ళకి మళ్ళీ కాన్‌బెర్రా. ఈలోగా మనవాళ్ళు ఇక్కడ పెరిగారు, సంఘాలు పెట్టుకున్నారు. ఉగాదికి భజనలు వాయించమని అంకుల్‌ని పిలిచారు. నాకు రావు అన్నారాయన. గర్వం అనుకున్నారు. ఫిజీ నుంచి వచ్చినవాడు అసలు మనవాడేనా అని ఒకాయన నన్నే అడిగాడు. ఇంక ఎవరూ పిలవలేదు.

పాడే ఆయన ఎప్పుడో ఉత్తరాన క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయాడు. అంత్యక్రియలకి కబురు పంపారు గానీ జవాబు రాలేదు.

నేను అంకుల్‌ని ఆఖరిసారి చూసింది పోయిన చలికాలం. కరివేపాకు ఇచ్చిపోదామని మధ్యాహ్నం వెళ్తే, ఆంటీ గరాజ్ వైపు చెయ్యి చూపించింది. లోపల కారు లేదు. ఒక కుర్చీ, ఒక హీటరు, ఒళ్ళో గిటారు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక చిన్న వరస వాయించి కడ్డీ పైకెత్తారు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక చిన్న వరస, మళ్ళీ ఆగారు. వేళ్ళు సాగడం లేదేమో అనుకున్నాను.

"ఏమైంది అంకుల్, చెయ్యి నొప్పెడుతోందా?"

ఆయన కళ్ళు తెరవలేదు. కడ్డీ పట్టుకున్న చేతి వేలు ఒకటి పైకెత్తారు.

"ఆగమ్మీ. ఆడు పాడతన్నాడు."

సంచీ కింద పెట్టకుండా అలాగే నిలబడ్డాను. ఆయన బూటు నేల మీద తాళం వేస్తూనే ఉంది. ఆ చరణం చాలా పొడుగు.