ఆగమ్మ నేర్పిన తోట

హవేలిఘనపూర్‌ల బోరు ఎండిపోయినంక గాలయ్య ఉన్న ఎకరం అమ్మి, చేగుంట దిక్కు ఒక ఫ్యాక్టరీల వాచ్‌మన్‌గ చేరిండు. ఆ కొలువులనే పాణం ఇడిసిండు. ఆయన పెండ్లాం ఆగమ్మ మెదక్‌కు వచ్చి, సర్కారు కొలువులోళ్ల కాలనీల బాసన్లు తోమి బతికింది.

కాలనీ నడుమ పార్కుకని ఇడిసిన జాగల కంప మొలిచి, పందులు తిరిగేటివి. ఆగమ్మ ఆ మూలకు రేకుల షెడ్డు ఏసుకొని, కంప నరికి, గోంగూర, చుక్కకూర ఏసింది. చేతులకు మన్ను తగిలితే ఆమెకు మల్ల మనిషినైనట్టు అనిపించింది.

కాలనీ ప్రెసిడెంటు రాజేందర్ సారు అది చూసి, కాలనీ అంతటికీ నేర్పుమన్నడు. ఐతారమైతే ఆడోళ్లు, మొగోళ్లు పారలు పట్టుకొని వచ్చేటోళ్లు. పక్కింటోళ్ల మొఖం ఎరుగనోళ్లు ఒకరి మడికి ఒకరు నీళ్లు కట్టేటోళ్లు. అందరికన్న ముందు నేర్చింది దేవిక టీచరు. ఆగమ్మను పెద్దమ్మా అని పిలిచేది.

తెలంగాణ కావాలని చేసిన సకల జనుల సమ్మెల జీతాలు బందైతే ఇంటింటికీ ఆ తోట కూరనే దిక్కైంది. రోడ్డు మీద వంటావార్పు పెడితే ఆగమ్మనే వండింది. ఆమె చేతి పప్పుకూర రాజేందర్ సారు రెండుసార్లు అడిగి ఏయించుకున్నడు. ఊరేగింపులల్ల ఆమె అందరికన్న ముందు నడిచింది.

తర్వాత రెండేండ్లకు చలికాలంల దగ్గు పట్టింది. నెత్తురు పడితే దేవికనే దవఖానకు తోలుకపోయింది. టీబీ అని తేలింది. ఆటోల తిరిగి వచ్చేటప్పుడు దేవిక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని అవుతల దిక్కు చూసుకుంట కూసున్నది. పొద్దుగూకకముందే కాలనీ అంతటికీ ఎరుకైంది.

తెల్లారి అందరు కలిసే వచ్చిండ్రు. మొఖాలకు దస్తీలు కట్టుకొని షెడ్డు రేకులు పీకిండ్రు. మంచం, బొంత కుప్పేసి కాలవెట్టిండ్రు. ఆగమ్మ రోడ్డు మీద కూసొని చూసింది. నిన్నటిదాంక ఆమె చేతి కూర తిన్నోళ్లల్ల ఒక్కరు కూడ ఆమె మొఖం చూడలే. దేవిక మాత్రం తోట గేటు కాడికొచ్చి, దూరం నిలబడి అడిగింది.

"పెద్దమ్మా, బీర ఇత్తులు యాడ పెట్టినవ్?"

"పొయ్యి ఎనుక కుండల ఉన్నయి బిడ్డా. బూడిదల కలిపి పెట్టుండ్రి, లేకుంటే పురుగు పడ్తది."

దేవిక ఆ కుండను డెటాల్ గుడ్డతోటి తుడిచి ఇంటికి పట్టుకపోయింది.

నాలుగిండ్ల పని పోయింది. దవఖాన ఎనుక ఒక అర్ర కిరాయికి తీసుకొని, ఖాళీ కడుపుల గోళీలు మంట పెడుతుంటే ఓర్చుకొని మందులన్ని మింగింది ఆగమ్మ. ఎండాకాలం పోయేటాళ్లకు డాక్టరు పూర్తిగ నయమైందని చెప్పిండు.

అప్పుడే తెలంగాణ వచ్చింది. గిసొంటి సంబురం పూట తనను ఎల్లగొట్టరనుకున్నది ఆగమ్మ. కడిగిన చీర కట్టుకొని పోయింది. తోటల గులాల్ చల్లుకుంటుండ్రు. బీర తీగలు పందిరి నిండ పారి ఉన్నయి. ఆమె ఉన్నప్పుడు కూడ గంత మంచిగ కాయలే. ఆమెకు ఆ కాతను చూసి సంతోషమైంది.

నయమైందని గేటు బయటి నుంచే చెప్పింది. రాజేందర్ సారు నవ్వుకుంటనే ఇన్నడు.

"నువ్వు నేర్పినయన్ని మాకొచ్చినయి ఆగమ్మా. ఇంక నీకెందుకు తిప్పలు? పో, ఆరాం తీసుకో."

దేవిక కాయితంల ఒక లడ్డు పెట్టి, గేటు మీదికెల్లి కిందికి ఇడిసింది. అది మన్నుల పడ్డది. ఆగమ్మ వంగి తీసుకొని, దులిపి, తోవల తిన్నది. పొద్దుగాల నుంచి ఏం తినలే.

ఆగమ్మ ఇగ రామాయంపేటల ఉన్న బిడ్డ మమత ఇంటికి పోయింది. అల్లుడు ఎల్లేష్ మెకానిక్. కాలనీల ఎందుకు ఎల్లగొట్టిండ్రో ఆయన ఇన్నడు. నయమైందని డాక్టరు చెప్పిన ముచ్చట మమత ఆయనకు చెప్పి చూసింది. ఆయన లేచి అత్తకని మంచం తీసి బయట అరుగు మీద ఏసిండు.

మమత కంచం గుమ్మంల పెట్టి లోపటికి పోయింది. పప్పుల ఉప్పు తక్కువైంది. ఆగమ్మ అట్లనే తిని, కంచం తనే కడిగి, అరుగు మీద బోర్లించింది.