పతకానికి ఒత్తు లేదు

మా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా సందు మొదట్లో నిలబడి తలెత్తితే ఆకాశం కనబడేది కాదు... అన్నీ కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే. జావా, ఒరాకిల్, డాట్‌నెట్... కూడబలుక్కోకుండా చదవడం నాకు అప్పుడే వచ్చింది. బడికి పోతూ ఒక్క అక్షరం వదిలేదాన్ని కాదు. ఒకరోజు పొద్దున్నే పాలకని కిందికి దిగితే ఆ బ్యానర్ల మధ్యలో మా నాన్న పేరు కనబడింది!

నాన్న పేరు మల్లేశం. గుర్రపు పోలీసు. పరేడ్లకు, ఊరేగింపులకు చాందినీ అనే తెల్లగుర్రం మీద వెళ్లేవాడు. ఇంటికొచ్చాక కూడా చొక్కాకు ఎండుగడ్డి వాసన, జీనుకు రాసే నూనె వాసన... కళ్లు మూసుకున్నా నాన్న మెట్లెక్కుతున్నాడని తెలిసిపోయేది.

ఆ ఏడు నాన్నకు సర్వీసు మెడల్ వచ్చిందని కబురొచ్చింది. త్వరలో జరిగే పరేడ్‌లో ఇస్తారట. మేం మేడ మీద అద్దెకుండేవాళ్లం. ఇంటి ఓనరు సూర్యనారాయణ గారు గోదావరి వైపు నుంచి వచ్చి, కింద బ్యానర్ల షాపు పెట్టుకున్నారు. మాకంటే ఆయనకే సంబరం ఎక్కువ. మెడల్ అని రాస్తే ఏం బాగుంటుంది, మంచి తెలుగులో ఉండాలి అనుకుని, మాకు చెప్పకుండా రాయించేశారు...

"ఉత్తమ సేవా పథకం! మన మల్లేశం గారికి అభినందనలు."

పతకం అని ఉండాలి. ఒత్తు పడి పథకం అయిపోయింది. చాలదన్నట్టు, ఇన్‌స్టిట్యూట్ల బ్యానర్లకు వేసే అలవాటులో అడుగున "వివరాలకు: మేడ మీద మొదటి గది" అని కూడా పడింది.

ఇంకేముంది... మా ఉప్మా పూర్తయ్యేలోపే మెట్లనిండా జనం. సర్కారు లోను అనుకున్నవాళ్లు కొందరు, ఉద్యోగాలనుకున్నవాళ్లు కొందరు. సనత్‌నగర్‌లో పనికి పోయే ఒకావిడ రేషన్ కార్డు జిరాక్సు కూడా పట్టుకొచ్చింది. అందరికంటే ముందు ఎదురు హాస్టల్ శ్రీను అన్న, చంకలో ఫైలుతో.

"అన్నా, గీ పథకానికి డిగ్రీ ఉంటే సాలా? ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉన్నది."

నాన్న సగం గడ్డానికి సబ్బు నురగతో అలాగే నిలబడిపోయాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను ఒక్క పరుగున కిందికి దిగి, తకు ఒత్తు ఉండకూడదని ఓనరు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని బ్యానర్ వైపు తృప్తిగా చూసుకున్నారు.

"ఏంటమ్మా నువ్వు చెప్పేది? ఒత్తు లేకపోతే ఆ మాటకి బరువేముంటుంది?"

ఆ రోజు నుంచి సందులో నాన్న పేరు "పథకం అన్న". మొదట్లో నాన్న కూడా నవ్వాడు... పరేడ్ దగ్గరపడేకొద్దీ నవ్వడం మానేశాడు. పరేడ్ అయిపోగానే మెడల్ అక్కడే తీసి పెట్టెలో పెట్టేస్తాడట. మెడల్‌తో ఈ సందులోకి రాడట.

"జర నవ్వులపాలైనం, సాలు తియ్యి," అన్నాడు అమ్మతో.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పరేడ్ చూడటానికి మాకు పాసులు దొరకలేదు. రోజూ డ్యూటీకి రంగు రిబ్బన్ ముక్క ఒక్కటే పెట్టుకుంటారు. అసలు మెడల్ ఎడమవైపు గుండె మీద వేలాడేది పరేడ్ డ్రెస్సులోనే. నాన్న గుండె మీద దాన్ని ఒక్కసారి చూడాలని నా ఆశ. ఆ రోజు కాకపోతే మళ్లీ ఎప్పుడో!

వెంటపడి వెంటపడి విసిగిస్తే చివరికి మెత్తబడ్డాడు. పొద్దున పరేడ్ అయ్యాక, సాయంత్రం అదే డ్రెస్సులో, మెడల్‌తోనే, వాళ్ల గుర్రాలకు సోమాజిగూడ వైపు డ్యూటీ ఉందట. పంజాగుట్ట మీదుగానే పోతారట.

"సూడు గానీ పిలవకు బిడ్డా. గుర్రం బెదురుతది."

ఆ సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో నేను, అమ్మ, ఇస్త్రీ చొక్కాలో ఓనరు గారు, వెనకాలే శ్రీను అన్న...

ముందు గిట్టల చప్పుడు వినబడింది. తర్వాత బస్సుల మధ్య నుంచి, ఆటోల మధ్య నుంచి, జంటలు జంటలుగా గుర్రాలు! ఎవరో పెద్దాయన కార్లు వస్తున్నాయని పోలీసులు దారి ఆపేశారు. ఆటోలతోపాటు గుర్రాలూ ఆగాయి. సరిగ్గా మా ఎదురుగా చాందినీ.

తలపాగాకు కుచ్చు, అద్దాల్లా మెరిసే బూట్లు... ఎడమవైపు గుండె మీద మెడల్. గుర్రం కాస్త కదిలితే అదీ ఊగుతోంది. పిలిచేస్తానేమోనని రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

ఓనరు గారు దణ్ణం పెట్టేశారు. శ్రీను అన్న మాత్రం ఉండలేక, మెల్లిగా అడిగాడు.

"అన్నా, గిదేనా పథకం?"

నాన్న తల తిప్పలేదు. మీసం ఒక్కటే కదిలింది.

"గిదే తమ్మీ. డిగ్రీ అక్కర్లే. గుర్రం మీదికెల్లి నాలుగైదుసార్లు కింద పడాలె."

చుట్టూ ఉన్న ఆటోవాళ్లతో సహా అందరూ గొల్లుమన్నారు. నాన్న నవ్వు ఆపుకుంటుంటే మెడల్ కూడా ఊగింది... ఇంతలో విజిల్ పడింది. కళ్లెం సర్దుకుంటూ, చూపు ముందుకే పెట్టి అన్నాడు.

"ఇంటికాడ ఉండు బిడ్డా. గిట్లనే వస్త."

అలాగే వచ్చాడు. అదే డ్రెస్సులో, అదే మెడల్‌తో, సందు మధ్యలో నుంచి తొందర లేకుండా నడిచి వచ్చాడు. గుమ్మాలన్నీ నిండిపోయాయి. హాస్టల్ కిటికీల్లోంచి చప్పట్లు. మెట్ల దగ్గర నన్ను ఎత్తుకున్నాడు. మెడల్ పట్టుకుని చూశాను... చల్లగా, నేననుకున్నదానికంటే బరువుగా ఉంది.

ఇప్పుడు నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. మొన్న నిఘంటువులో "రౌతు" అనే మాట దొరికింది. గుర్రం ఎక్కి నడిపేవాడని అర్థం. నాన్నకు చెబితే, మంచిగున్నదని, ఆ మాటనే రెండుమూడుసార్లు తనలో తనే అనుకున్నాడు.

పంజాగుట్ట మీద ఇప్పుడు మెట్రో పోతోంది. కింద గుర్రాలు పోయినా పైవాళ్లకు కనబడవు. అప్పుడు ఒక్కరికి మెడల్ వస్తే సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చింది... ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పక్క తలుపు వెనక ఎవరుంటారో నాకు తెలియదు.

మీ ఇంటి సంతోషానికి మీకంటే ఎక్కువ సంబరపడ్డ పొరుగువాళ్లు మీకూ ఉండే ఉంటారు కదా... వాళ్లను ఒక్కసారి ఇక్కడ తలుచుకోండి. చదవాలని ఉంది.