సరిహద్దు దగ్గర మా ఎమ్మెల్యే

లాక్‌డౌన్‌కు ఏడాది ముందు నేను మా ఎమ్మెల్యే ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా ఇల్లు నవాగామ్‌లో. నాన్న సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల కార్ఖానాలో స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ నేర్చుకున్నదాన్ని కాబట్టే నాకా ఉద్యోగం దొరికింది. ఎవరెవరో అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లు చెప్పింది విని గుజరాతీలో ఉత్తరం కొట్టి సంతకానికి లోపలికి పంపేదాన్ని.

ఎమ్మెల్యేను అందరూ బాబాయ్ అన్నట్టు కాకా అనేవాళ్లు. అప్పటికే అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయనా మగ్గం నడిపినవారే. ఆ చప్పుడుకు ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. కార్పొరేటర్‌గా మొదలుపెట్టి, అసెంబ్లీకి ఒకసారి ఓడి, తర్వాత రెండుసార్లు గెలిచారు. అయితే సభలో ఆయన మాట్లాడారన్న వార్త నేనెప్పుడూ చూడలేదు. ఎదుటి పార్టీ వాళ్లు మూగ ఎమ్మెల్యే అని నవ్వుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే నాకూ ఆయన మీద పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు. సంతకాలు పెట్టే పెద్దాయన, అంతే.

లాక్‌డౌన్ వచ్చి కార్ఖానాలు మూతపడ్డాయి. రెండు నెలలు గడిచేసరికి మావాళ్లలో చాలామంది ఊరికి పోతామని ఆఫీసు ముందు నిలబడ్డారు. ప్రైవేటు బస్సు మాట్లాడుకోవచ్చు గానీ, ఎక్కేవాళ్ల పేర్లు, బస్సు నంబరు రాసి కలెక్టరాఫీసులో అనుమతి తెచ్చుకోవాలి. ఆ జాబితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. మొదటి బస్సులో మా అన్నా వదినా కూడా ఉన్నారు. వదినకు ఏడో నెల. పురుడు తల్లి దగ్గరే పోసుకోవాలని ఆమె పట్టు. డాక్టరు చూసి, జాగ్రత్తగా వెళ్లమని కాగితం ఇచ్చింది.

బస్సు తెల్లవారుతూనే బయల్దేరింది. పదిన్నరకు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లే, సోన్‌గఢ్ దాటినంక మహారాష్ట్ర బార్డర్ కాడ ఆపిండ్రు. కాయిదం మీద నంబర్ వేరే ఉన్నదంట. వాపస్ పొమ్మంటుండ్రు. మీ వదినకు కాళ్లు వాసినయ్. ఏం జేద్దాం, జెప్పు."

జాబితా నకలు తీసి చూశాను. నంబరులో చివరి రెండంకెలు తారుమారయ్యాయి. కొట్టింది నేనే. ఉద్యోగం సంగతి తర్వాత, ముప్పై మంది ఎండలో రోడ్డు మీద నిలబడి ఉన్నారు. లోపలికెళ్లి కాకాతో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కుడి చెవి నా వైపు తిప్పి అంతా విన్నారు. తిట్టలేదు. కలెక్టరాఫీసుకు ఫోన్ చేశారు. సరిచేసిన అనుమతి మెయిల్‌లో పంపుతామని, కాస్త సమయం పడుతుందని వాళ్లన్నారు. కాకా చెప్పులేసుకున్నారు.

"నడు బేటా. అది వచ్చేలోగా మనం అక్కడ ఉందాం."

"కాకా, మీ వయసుకు బయట తిరగకూడదని డాక్టరు..."

"మాస్కు ఉందిగా," అన్నారు.

కారులో రెండు గంటల ప్రయాణం. దారంతా అన్నకు ముఖం ఎలా చూపించాలా అనే ఆలోచిస్తున్నాను. చేరేసరికి బస్సు రోడ్డు వారగా ఉంది. జనం దాని నీడలో కూర్చున్నారు. తనిఖీ కేంద్రం దగ్గరున్న అధికారి కాకాను గుర్తుపట్టి కంగారుగా లేచాడు.

"సాహెబ్, నంబరు కలవకుండా వదిలితే నా ఉద్యోగం పోతుంది."

"వదలమని అడగను. మీరు రూలు ప్రకారమే చేస్తున్నారు," అన్నారు కాకా. "మెయిల్ వచ్చేదాకా నేనూ ఇక్కడే కూర్చుంటాను. ఒక్క సాయం చెయ్యండి. మీ సిబ్బంది బాత్రూం ఆడవాళ్లకు తెరిపించండి."

పొద్దుటి నుంచి ఆడవాళ్లు బాత్రూం లేదనే నీళ్లు కూడా తాగకుండా కూర్చున్నారని నాకు అప్పుడు తెలిసింది. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయనకు మాత్రం ఎలా తట్టిందో. అధికారి వెంటనే తాళం ఇచ్చి మనిషిని పంపాడు. కాకా తన కారులో ఏసీ వేయించి, వెనక సీట్లో వదినను పడుకోబెట్టించారు. తాను వెళ్లి బస్సు మెట్టు మీద కూర్చున్నారు. పక్కన కూర్చున్న ముసలి నేతగాణ్ణి వచ్చీరాని తెలుగులో పలకరించారు.

"ఏంది అన్నా, ఏ మగ్గం నడిపినవ్?"

ఆ పెద్దమనిషి మొహం విప్పారింది. ఇద్దరూ నూలు గురించి, పాత సేఠుల గురించి హిందీలో మొదలుపెట్టారు. మధ్యమధ్యలో కాకా ఫోన్ తీసి కలెక్టరాఫీసుకు మళ్లీ చేసేవారు. గొంతు పెంచలేదు. ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం, సరే అనడం, పది నిమిషాలు ఆగి మళ్లీ చేయడం. అలా మూడు గంటలు.

నాలుగు కావస్తుండగా అధికారి కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "ఆ గయా సాహెబ్!"

బస్సు కదిలింది. కిటికీలోంచి అన్న అరిచాడు. "పరేషాన్ గాకు చెల్లే! ఏం గాలే!" పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. రోడ్డు మీదే ఏడ్చేశాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. కాకా తల అటు తిప్పి కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన తనంతట తానే చెప్పారు. మొదటిసారి గెలిచినప్పుడు సభలో కార్మికులు ఉండే గదుల గురించి ప్రశ్న అడగాలని నాలుగు రోజులు బట్టీపట్టారట. తీరా లేచి నిలబడితే గొంతు పెగల్లేదు. అందరూ నవ్వారు.

"ఆ తర్వాత మళ్లీ లేవలేదు బేటా. సభకు నేను పనికిరానని అర్థమైంది. ఫోన్ చెయ్యడం, వెళ్లి కూర్చోవడం... ఇవి వచ్చు నాకు. వీటితోనే నెట్టుకొచ్చాను."

అందులో గొప్ప లేదు, బాధా లేదు.

మర్నాడు రాత్రికి మావాళ్లు ఊరు చేరారు. ఆగస్టులో వదినకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని అన్న ఫోన్ చేశాక గానీ నా మనసు పూర్తిగా కుదుటపడలేదు.

రెండో విడత కరోనాలో కాకా పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డారు. ఆ మరుసటి ఏడాది ఎన్నికలొచ్చాయి. పార్టీ అభ్యర్థుల జాబితా వచ్చిన రోజు ఆఫీసు నిండా జనం. పైనుంచి కింది దాకా రెండుసార్లు వెతికాను. ఆయన పేరు లేదు. కార్యకర్తలు బల్లలు గుద్దుతున్నారు. స్వతంత్రంగా నిలబడదామంటున్నారు. లోపలికెళ్లి ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలో ఆగిపోయాను.

ఆయన నా మొహం చూసి అడిగారు. "లేదా?"

లేదన్నాను.

కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "హాష్!" అన్నారు. గుజరాతీలో హమ్మయ్య అనడం అది. అంత తేలికపడిన మొహం నేను ఆయనలో అంతకుముందు చూడలేదు. తర్వాత లేచి బయటికెళ్లి, తన స్థానంలో టికెట్టు వచ్చినామెకు అందరి ముందూ ఫోన్ చేసి అభినందనలు చెప్పారు. మా ఆఫీసులో మూడు భాషలు తెలిసిన అమ్మాయి ఉంది, వదులుకోకు అని కూడా చెప్పారు.

ఆ ఎన్నికల్లో ఆమే గెలిచింది. ఇప్పుడు కాకా సూరత్‌లోనే, అడాజన్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. నేనింకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను.