విశ్వేశ్వరరావు గారి నాలుగో గడి

ఫ్యాను తిరగడం లేదని చెబితే విశ్వేశ్వరరావు గారు నమ్మరు. వెళ్లి ఆ ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, ఒక పాఠం అయ్యేంతసేపు కూర్చుని, చొక్కా వీపుకి అంటుకున్నాక నమ్ముతారు. శిల్పగిరి విశ్వవిద్యాలయంలో సౌకర్యాల విభాగం సూపరింటెండెంటుగా ఆయన పెట్టుకున్న నియమం అదొక్కటే. ఎవరి కష్టమైనా సరే, అది తనకి కూడా జరిగితేనే కాగితం పైకి కదులుతుంది.

అన్ని ఆఫీసుల్లోనూ ఫిర్యాదుల రిజిస్టరుకి మూడు గళ్లుంటాయి: తేదీ, సమస్య, చెప్పినవారి పేరు. ఈయన స్కేలు పెట్టి ఎర్ర సిరాతో నాలుగో గడి గీశారు. దాని పేరు ‘అనుభవం’. అందులో ఆయన రాసే మాట కూడా ఒక్కటే. ‘నిజమే.’ అందుకే పిల్లలు ఆయనకి ‘నిజమే సార్’ అని పేరు పెట్టారు.

అక్కడ చదువుకునే రసజ్ఞకి ఆయన మొదట పరిచయమైంది గొంతుగానే. లైబ్రరీ లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఎవరో సన్నగా దగ్గుతున్నారు.

“లోపల ఎవరన్న ఉన్నరా?”

“ఉన్నానమ్మా. కంగారు పడకు.”

“ఆగుండ్రి సార్, సెక్యూరిటోళ్లను పిల్చుకొస్త!”

“వద్దొద్దు! ఇరవై నిమిషాలు ఇరుక్కుపోతున్నామని రాశారు. ఇంకా పదకొండు నిమిషాలే అయింది. నువ్వెళ్లి చదువుకో.”

చదువుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు. మిగిలిన తొమ్మిది నిమిషాలూ మెట్ల మీద కూర్చుని తలుపుకి కాపలా కాసింది. లిఫ్టు కదిలి తెరుచుకోగానే, ఉడికిన కందగడ్డ లాంటి ముఖంతో ఒక పెద్దమనిషి బయటికొచ్చి, చేతిగడియారం చూసుకుని, ఎంతో తృప్తిగా అన్నాడు: “నిజమే!”

ఆమె క్లాసులోనే చదివే లోహిత్‌ది ప్రొద్దుటూరు. హాస్టల్లో ఉంటాడు. పాపం మంచితనానికి పోయి ఒకరోజు ఆయన్ని హెచ్చరించాడు.

“సార్, పద్నాలుగో నంబరు బల్లకి మేకు పైకి లేచిండాది. జాగ్రత్తగా చూడండి సార్.”

“చూస్తే ఏం తెలుస్తుంది నాయనా?” అంటూ విశ్వేశ్వరరావు గారు కూర్చున్నారు. తర్వాత లేచారు. ప్యాంటు మాత్రం పూర్తిగా లేవలేదు. ఆయన రిజిస్టరు తెరిచి ‘నిజమే’ అని రాసి, అదే రిజిస్టరు వెనక అడ్డం పెట్టుకుని, పెళ్లి ఊరేగింపంత నెమ్మదిగా ఆఫీసుకి నడిచి వెళ్లారు. మర్నాటికల్లా బల్ల మారింది.

హాస్టల్ సాంబారు గురించి ఫిర్యాదొస్తే తొమ్మిది రోజులు రెండు పూటలా అదే తిన్నారు. పదో రోజు ఆఫీసుకి రాలేదు. ఆయన భార్య పుణ్యవతి ఆఫీసు గుమాస్తాకి ఫోను చేసి, “ఏవండీ, మీ రిజిస్టరులో ఏదో రాయాలట. కలం పట్టుకునే ఓపిక లేదు, నన్ను చెప్పమన్నారు. నిజమేనట,” అంది. వంటవాడు మారాడు.

గేటు బయట అద్దాల మేడలు ఆకాశాన్ని తలా కాస్త పంచుకుని మెరుస్తూ ఉంటాయి. లోపలేమో, కారుతున్న కప్పు కింద బకెట్టు పక్కన ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని, చుక్క చుక్కనీ చుట్టం వచ్చినంత శ్రద్ధగా నడినెత్తిన అందుకుంటూ ఉంటాడు. నవ్వని వాళ్లు లేరు.

జూలై మొదట్లో రసజ్ఞ కూడా ఆ రిజిస్టరు ముందు నిలబడాల్సి వచ్చింది.

“సార్, హైటెక్ సిటీ స్టేషన్ కాడ్నుంచి మన కాలేజీ బస్సు ఎనిమిదిన్నరకు పోతది. నేనొచ్చే లోకల్ రైలు ఎనిమిదీ ముప్పై రెండుకొస్తది. రెండే నిమిషాలు సార్! మళ్ల బస్సు తొమ్మిదింటికి. అది కొత్తగూడ దిక్కు తిరిగొచ్చేసరికి హాజరు మిషన్ బంద్ అయితుంది. ఫస్ట్ అవర్ పోతుంది.”

“ముందు బండికి రావచ్చుగా తల్లీ?”

“రోజు విడిచి రోజు అట్లనే వస్తున్న సార్. నల్లా వచ్చే దినం ఎట్లొస్త? మా అమ్మ ఐటీ టవర్ల క్లీనింగ్ పనికి ఐదింటికే పోతది. నీళ్లు నేనే పట్టాలె.”

“ఎన్ని బిందెలు?”

“పన్నెండు.”

“ఎన్నో అంతస్తు?”

“రెండు. గదెందుకు సార్ ఇప్పుడు?”

ఆయన అన్నీ రాసుకున్నారు. నాలుగో గడి మీద వేలితో ఒకసారి నిమిరి, “చూద్దాం,” అన్నారు.

“చూసుడేంది సార్? డ్రైవరుకు ఫోన్ జేసి పది నిమిషాలు ఆగుమంటె అయిపోతది గద!”

“అలా ఎలాగమ్మా? అనుభవం కావద్దూ?”

రసజ్ఞ గుమ్మం దాటాక లోహిత్‌తో అంది: “బోరబండల నేను బిందెలు మోస్తుంటె, ఈయనకు అనుభవం గావాల్నంట!”

వారాలు గడిచాయి. బస్సు ఎనిమిదిన్నరకే పోతూ ఉంది. విశ్వేశ్వరరావు గారు నడుం మీద చెయ్యి వేసుకుని తిరుగుతున్నారు. “ఇంకో బల్ల మీద కూచున్నట్టుండాడు,” అన్నాడు లోహిత్. ఒకరోజు ఆడవాళ్ల పెట్టె దిగి పరుగెత్తుతున్న రసజ్ఞకి, స్టేషన్ వంతెన మీద, వీపుకి పిల్లల పుస్తకాల సంచి తగిలించుకుని, రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతున్న ఒక బట్టతల కనిపించింది. అది ఆమెని చూసి గిరుక్కున గోడవైపు తిరిగి, అక్కడున్న ప్రకటన ఏదో చదవసాగింది.

“ఏం సార్‌రా ఈయన, పొద్దున్నే ట్రెక్కింగ్‌కు పోతున్నడా?” అని ఆమె లోహిత్‌ని అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు సెప్టెంబరులో ఆగిపోయింది. హాజరు తక్కువైన వాళ్ల జాబితా నోటీసు బోర్డుకి ఎక్కింది. స్టాటిస్టిక్స్‌లో డెబ్బై రెండు క్లాసులు జరిగితే రసజ్ఞ నలభై నాలుగింటికే ఉంది. డెబ్బై ఐదు శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. సంవత్సరం పోతుంది. మర్నాడే డీన్ గారి ముందు విచారణ.

ఆమె తిన్నగా సౌకర్యాల విభాగానికి వెళ్లింది.

“సార్, నా నాలుగో గడి నిండిందా?”

ఆయన రిజిస్టరు మీద రెండు చేతులూ కప్పారు. “రేపు పొద్దుటికి నిండుతుందమ్మా.”

“మీ గడి నిండేలోపు నా సంవత్సరం ఖాళీ అయితుంది సార్. బల్ల మీద మేకుంటె కూసున్నరు, మంచిదే. మనిషి మాట ఒక్కసారన్న నమ్మొద్దా?” అని ఆమె అడిగింది. ఆయన కళ్లజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేని అద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు డీన్ సంయుక్త గారి గదిలో ఏసీ చల్లగా ఉంది, మాట ఇంకా చల్లగా ఉంది.

“బస్సు తప్పిపోయింది, అంతేనా? ఈ వారంలో పదకొండో బస్సమ్మా ఇది. ప్రతివాళ్లకీ ఒక బస్సు తప్పిపోతుంది. ఇది కారణం కాదు, సాకు.”

రసజ్ఞ నేలకేసి చూసింది. అప్పుడు తలుపు తోసుకుని, వీపున పుస్తకాల సంచితో, నుదుటి మీద చెమటతో విశ్వేశ్వరరావు గారు వచ్చారు.

“క్షమించాలి మేడమ్. ఆలస్యమైంది. బస్సు తప్పిపోయింది.”

“మీక్కూడానా!”

“పన్నెండోసారండి,” అని ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. అది ఆయన సొంత హాజరు పట్టీ. కుంకుమ భరిణె బోర్లా పడ్డట్టు పన్నెండు చోట్ల ఎర్ర గీతలు. మూడు ఆలస్యాలకి ఒక సెలవు కోత. నాలుగు సెలవులు ఎగిరిపోయాయి.

“ప్రగతి నగర్‌లో ఇల్లు, స్కూటరుంది, మీరు లోకల్ బండెందుకు ఎక్కారు?”

“ఈ అమ్మాయికి నీళ్లొచ్చే రోజుల్లో బోరబండ వెళ్లి ఎక్కానండి. సంచి బరువు కూడా ఈమె సంచితో సరిచూశాను. పరుగు నాకు తక్కువని, రైలు దిగే సమయానికే బస్సు పోతోందా లేదా అని విడిగా రాశాను. పన్నెండుసార్లూ తలుపు తెరుచుకునేసరికే బస్సు మలుపు తిరుగుతోంది. బిందెలు మటుకు మా అపార్టుమెంటు కిందనుంచి రెండో అంతస్తుకి మోశాను. మోటారు ఉండగా ఇదేం రోగమని మా ఆవిడ తిట్టింది. అయిదో బిందెకి నడుం పట్టేసింది. ఆ పిల్లకి పన్నెండు.”

రసజ్ఞ తలెత్తింది. వంతెన మీది బట్టతల, నడుం మీది చెయ్యి, గోడ మీది ప్రకటన, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

సంయుక్త గారు ఆ ఎర్ర గీతల్ని ఒక్కొక్కటే రసజ్ఞ గైర్హాజరుతో సరిపోల్చారు. తేదీలు కలిశాయి. “విశ్వేశ్వరరావు గారూ, అమ్మాయి చెప్పినప్పుడే నమ్మేస్తే మీకింత బాధ లేకపోయేది కదా?”

“నేను మొదటి రోజే నమ్మానండి,” అన్నారాయన సిగ్గుపడుతూ. “ఏ పిల్లలు చెప్పినా మొదటి రోజే నమ్ముతాను. నేను నమ్మి ఏం లాభం? వాళ్లకి జరిగితే ఇక్కడ సాకంటారు. నాకు జరిగితే రికార్డంటారు.”

డీన్ గారు కలం తీశారు. బస్సు ఎనిమిదీ నలభైకి మారింది. ఆ పన్నెండు రోజులూ రసజ్ఞకి హాజరుగా పడ్డాయి. ఆ రోజుదీ కలిపి డెబ్బై మూడు క్లాసులకి నలభై నాలుగు యాభై ఆరై, డెబ్బై ఐదు శాతాన్ని దాటింది. విశ్వేశ్వరరావు గారి సెలవుల సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

బయటికొచ్చాక రసజ్ఞ ఆయన వీపు మీది సంచి అందుకుని, “జండూబామ్ తెచ్చియ్యాల్నా సార్?” అంది.

“ఇంట్లో ఉందమ్మా. ఇంతకీ బస్సు స్టాపుకి పైకప్పు లేదని లోహిత్ ఏదో రాశాడే. వానెప్పుడు పడుతుందో?”

వాన శుక్రవారం సాయంత్రం పడింది. అద్దాల మేడలన్నీ నీళ్లలో కరిగి రంగులుగా రోడ్డు మీదికి జారుతున్నాయి. పిల్లలందరూ లైబ్రరీ వరండాలో ఒదిగి ఉంటే, స్టాపు దగ్గర ఆయనొక్కరే నిండా తడుస్తూ నిలబడి ఉన్నారు. చేతిలో గొడుగుంది. విప్పే ఉంది. కాకపోతే దాన్ని చంకలోని రిజిస్టరు మీదికి ఒంచి పట్టుకున్నారు.

రసజ్ఞ పరుగున వచ్చి తన గొడుగు ఆయన తల మీద పట్టింది.

“తియ్యమ్మా, తియ్యి! ఇంకా అయిదు నిమిషాలుంది.”

“మరి ఆ పుస్తకానికి గొడుగెందుకు సార్?”

“అది ఫిర్యాదు చేయలేదుగా,” అన్నారు విశ్వేశ్వరరావు గారు, ముక్కు మీంచి నీళ్లు కారుతుండగా. “పాపం, దాన్నెందుకు తడపడం?”

రసజ్ఞ తన గొడుగు ముడిచి, ఆయన పక్కన నిలబడింది.